గడప గడపకూ మారిన నేల

ఇంటి చరిత్ర చెప్పేవారు సాధారణంగా సింహద్వారం దగ్గర మొదలుపెట్టి, స్తంభాల మీది చెక్కడాన్ని, దూలాల పొడవును, పెంకుల కప్పును వర్ణించి ఊరుకుంటారు. నేల మాట ఎత్తేవారు అరుదు. కాని నిన్న మొన్నటి వరకు మన తెలుగు ఇండ్లలో బ్రతుకంతా నేల మీదనే సాగినది. విస్తరి వేసినది నేల మీద, చాప పరచినది నేల మీద, పసిబిడ్డ పారాడినది నేల మీద. అటువంటి నేల ఒక ఇంటిలో ఒక తీరుగా ఉండేది కాదు. వీధి అరుగు మీద రాతిబండ, చావడిలో గచ్చు, నట్టింట అలికిన మట్టి, నూతి దగ్గర మళ్ళీ బండ; ఈ విధంగా ఒక్క కప్పు క్రింద మూడు నాలుగు రకాల నేలలు కనబడేవి.

ఈ భేదం ఎందుకు వచ్చినది? డబ్బు చాలక అక్కడొకటి ఇక్కడొకటి వేసుకున్నారని కొందరు తేలికగా అంటారు. అది కొంత నిజమే గాని సగం నిజం కూడా కాదు. ఆ గదిలో జరిగే పని ఏమిటి, ఆ ఊరి భూమిలో దొరికే పదార్థం ఏమిటి, ఆ చోట కూర్చునే మనిషికి ఇంటివారు ఇచ్చే మర్యాద ఎంత అనే మూడు లెక్కలు కలిసి ప్రతి గది నేలను నిర్ణయించినవి. ఈ మూడింటిలో మొదటిది అన్నిటికంటె పాతది. మూడవదాన్ని గురించి మనం అన్నిటికంటె తక్కువగా మాట్లాడుకున్నాము.

పనిని బట్టి నేలను మార్చే అలవాటు ఎంత పాతదో సింధునదీ తీరపు నగరాలు చెబుతున్నవి. ఇప్పటికి సుమారు 4,500 సంవత్సరాల క్రింద మొహంజొదారోలో ఇండ్లు కట్టినవారు చాలా గదులకు మట్టినే దిమ్మిస కొట్టి నేల చేసుకున్నారు. అదే ఇంటిలో స్నానపు గదికి వచ్చేసరికి కాల్చిన ఇటుకలను సందు లేకుండా ఒరిపిడిగా పేర్చి, నీరు ఒక మూలకు జారే విధంగా వాలు పెట్టి, ఆ నీటిని వీధి కాలువలోకి పంపారు. ఇటుకలు కాల్చడం చేతనైనవారే తక్కిన గదులను మట్టితో వదలిపెట్టారంటే, నీరు పడే చోటును, పడని చోటును వేరుగా ఆలోచించారన్నమాట. రాజస్థానంలోని కాలీబంగన్‌లో ఒక ఇంటి నేలకు ఒకదానినొకటి ఖండించుకొనే వృత్తాల నమూనా ఉన్న పలకలు పరచినట్లు త్రవ్వకాలలో తెలిసినది. అవసరం కోసం ఒక నేల, అందం కోసం ఒక నేల అనే రెండు ఆలోచనలూ ఆనాటికే పుట్టినవి.

మన ప్రాంతానికి వస్తే, నాగార్జునసాగరం నీటిలో మునిగిపోకముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో జరిగిన విస్తారమైన త్రవ్వకాలు క్రీస్తు తరువాత మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల నగరాన్ని వెలికి తెచ్చినవి. అక్కడ విహారాలలోను మండపాలలోను పలనాటి సున్నపురాతి పలకలు పరచిన నేలలు కనిపించినవి. కృష్ణ ఒడ్డున స్నానఘట్టానికి కూడా రాతి మెట్లు కట్టారు. వందల పాదాలు తొక్కే చోట, నీరు తగిలే చోట రాయి పెట్టారు. అదే లోయలో బ్రతికిన కాపుల, కుమ్మరుల ఇండ్లలో నేలలు ఎంత శ్రద్ధగా అలికినా మట్టివి గనుక మట్టిలోనే కలిసిపోతవి. అందుచేత నేల చరిత్రలో రాతికి ఉన్న సాక్ష్యం మట్టికి లేదు. అయినా జనంలో అత్యధికులు తరతరాలుగా బ్రతికినది మట్టి నేల మీదనే.

ఆ మట్టి నేల తనంతట తాను ఏర్పడేది కాదు. పునాది మధ్య పోసిన మట్టిని నీటితో తడిపి దిమ్మిస కొట్టి, పైన మెత్తని మట్టిని మెత్తి, ఆరిన తరువాత పేడనీళ్ళతో అలికేవారు. కొన్ని చోట్ల ఎర్రమన్ను కలిపేవారు. అంచుల వెంట సుద్దతోనో పిండితోనో ముగ్గు తీర్చేవారు. ఈ నేలకు మంచి గుణాలు ఉన్నవి. రాతివలె అది పాదంలోని వేడిని త్వరగా లాగదు, కనుక చలికాలంలో చల్లగా తగలదు. క్రింది చెమ్మను లోపల బంధించకుండా మెల్లగా పైకి విడిచిపెడుతుంది. బీట వేసినచోట గుప్పెడు మట్టితో మరమ్మతు అవుతుంది. కాని దానికి ఒక ఖరీదు ఉన్నది. ఆ ఖరీదు రూపాయలలో కనబడదు. వారానికి ఒకసారో రెండుసార్లో, పండుగకు తప్పనిసరిగా, వంటిల్లయితే దాదాపు ప్రతిదినం, ఎవరో ఒక స్త్రీ మోకాళ్ళ మీద వంగి దానిని అలకవలె. మట్టి నేల చవుక అని చెప్పేవారు ఈ చాకిరిని ఏనాడూ లెక్కలో వేసినవారు కారు.

1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి, 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు పూర్తి అయిన తరువాత డెల్టాలో పంటలు పెరిగినవి. పంటతోపాటు పెద్ద ఇండ్లు లేచినవి. మండువా లోగిలి అని మనం పిలిచే ఇంటిలో వీధి నుంచి పెరటి దాకా నడిస్తే నేలల క్రమం అర్థమవుతుంది. అరుగుకు ఎండ, వాన, దారినపోయేవారి ఒత్తిడి. కాబట్టి అక్కడ రాయిగాని గట్టి గచ్చుగాని ఉండేది. మధ్యనున్న మండువాలో నాలుగు వాలుల కప్పు నీళ్ళు పడతవి. అందుచేత దానిని చుట్టుప్రక్కల వసారాకంటె పల్లంగా ఉంచి, బండలు పరచి, తూము వైపు వాలు పెట్టేవారు. ధాన్యం నిలువ చేసే కొట్టుకు పొడిగా ఉండే ఎత్తైన నేల కావలె. నూతి చుట్టూ చప్టా. పశువుల కొట్టంలో గిట్ట జారకుండా గరుకు రాయి. ఒక నేల ముగిసి మరొకటి మొదలయ్యే చోట గడప అడ్డంగా ఉండేది. రెండు పదార్థాల ఎత్తులలోని తేడా, అతుకులోని వంకర ఆ కొయ్య క్రింద దాగిపోయేవి. పసుపు పూసి బొట్టు పెట్టిన గడప పూజకు ఎంత పనికివచ్చినదో, మేస్త్రికి అంత పనికివచ్చినది.

ఇక భూమి ఇచ్చినదేమిటో చూద్దాము. కడప, కర్నూలు, అనంతపురం సీమలలోను, పలనాటిలోను, తాండూరు ప్రాంతంలోను అతి ప్రాచీన సముద్రాల అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకొని రాయి అయినది. ఈ రాతికి ఒక సుగుణం ఉన్నది. పొర దొరకబుచ్చుకొని ఉలి పెట్టి కొడితే, రంపంతో పని లేకుండా, పలకగా విడివడుతుంది. పైముఖం సహజంగానే చదును. అందుకే నాపరాయి ఆ సీమలలో పేదవాని ఇంటికి కూడా అందినది. నేలకే కాక గోడకు, కప్పుకు సైతం వాడుకున్నారు. నల్లని కడప బండ, బేతంచెర్ల బండ, నీలమూ పసుపూ రంగుల తాండూరు బండ అనే పేర్లు గనుల ఊళ్ళ పేర్లే. డెల్టా ఒండ్రుమట్టిలో ఇటువంటి రాయి లేదు. అక్కడివారికి దగ్గరలో దొరికినవి ఇటుక, సున్నం. సముద్ర తీరంలో గుల్లలను కాల్చి కూడా సున్నం చేసుకున్నారు. కనుక రాయలసీమ వసారాకు, గోదావరి వసారాకు నేలలో కనబడే తేడా రుచిభేదం వల్ల వచ్చినది కాదు, భూమి వల్ల వచ్చినది.

సున్నంతో చేసిన నేలకే మొదట గచ్చు అని పేరు. పారశీక భాషలో సున్నపు పూతకు వాడే గచ్ అనే మాట మన నోట గచ్చు అయినది. తరువాత సిమెంటు వచ్చి సున్నాన్ని త్రోసివేసినా పేరు మాత్రం మారలేదు. నేటికీ సిమెంటు నేలను గచ్చు అనే అంటున్నాము. పాత గచ్చు వేయడం ఓపిక గల పని. ఎద్దు గానుగలో సున్నమూ ఇసుకా రోజుల తరబడి నూరి, ఇటుక ముక్కలు, ఇటుక పొడి కలిపి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు పోసి, పరచిన దానిని కూలివారు బారులు తీరి కూర్చుని కొయ్య పలకలతో కొట్టేవారు. చివరకు నున్నని రాతితో రుద్ది మెరుగు తెచ్చేవారు. ఇంత శ్రమ అన్ని గదులకూ పెట్టగలవారు తక్కువ. కాబట్టి ఏ గదికి గచ్చు, ఏ గదికి మట్టి అనే ప్రశ్న ప్రతి ఇంటిలో వచ్చినది. ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబులోనే మర్యాదల లెక్క బయటపడుతుంది.

ఆ జవాబు చాలా ఇండ్లలో ఒకటే. గచ్చు చావడికి, మట్టి వంటింటికి. పంచాయితీలు జరిగే చోట, లెక్కలు వ్రాసే చోట, చుట్టాలైన మగవారు కూర్చునే చోట మంచి నేల పడినది. తెల్లవారుజామున లేచి రాత్రి దీపం ఆర్పేవరకు స్త్రీలు మెలిగే వంటింట, దంపుడు సాగే పంచన మాత్రం ప్రతిదినం అలకవలసిన నేల మిగిలినది. వంటింటి నేల అలికితేనే శుద్ధి అనే ఆచారం దీనికి తోడయినది. ఆచారంలో శుచి ఉన్నదనే మాటను మేము కాదనము. కాని ఆ శుచి భారమంతా ఇంటి ఆడవారి నడుము మీదనే పడినదని కూడా చెప్పవలె. గడపల వద్ద మరొక గీత కూడా ఉన్నది. అరుగు వరకే రానిచ్చినవారు కొందరు, వాకిటిలోనే నిలబెట్టినవారు కొందరు. నేల మారే గడప చాలాచోట్ల కులం ఆపిన గడప అయినది. ఆ అరుగు బండను కొట్టి తెచ్చినవాడు దాని మీద కూర్చోలేకపోయిన రోజులు ఉన్నవి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసినది. పాత నేలల సొగసును మెచ్చుకొనేటప్పుడు ఈ సంగతి మరచిపోవడం చరిత్రకు అన్యాయం.

భూమి విధించిన హద్దును మొదట చెరిపినది రైలు. బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే మార్గం 1871లో రాయచూరు దగ్గర పూర్తి అయినది. అది కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా ఒకవైపు, షాబాదు మీదుగా మరొకవైపు సాగుతుంది. 1874లో సికింద్రాబాదు నుంచి వాడికి వేసిన మార్గం తాండూరు మీదుగా పోయినది. గనులు రైలుకు దగ్గరపడగానే బండలు దూరపు ఊళ్ళకు ప్రయాణం చేసినవి. నాటి హైదరాబాదు సంస్థానంలో ఉండి, 1956లో మైసూరు రాష్ట్రంలో చేరి, నేడు కర్ణాటకలో ఉన్న షాబాదు పేరు తెలంగాణమంతటా బండకు మారుపేరైనది. ఇదే కాలంలో ఇంగ్లండులోని స్టోక్ నగరం నుంచి మింటన్ కంపెనీ రంగుల పలకలు సంపన్నుల భవనాలకు వచ్చినవి. ఇటలీ చలువరాయి ప్రభువుల మేడలకు వచ్చినది. 1884లో మొదలైన ఫలక్‌నుమా భవనంలో ఆ రాతిని చూడవచ్చును. దగ్గరలో దొరికినదానిని తెలివిగా వాడడం ఒకప్పటి గొప్ప. దూరం నుంచి తెప్పించడం ఇప్పుడు గొప్ప అయినది.

రెండవ మార్పు సిమెంటు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పొందాడు. మన దేశంలో 1904లో మద్రాసులో దానిని తయారుచేసే ప్రయత్నం జరిగినది. 1914లో పోరుబందరులో స్థిరమైన ఉత్పత్తి మొదలైనది. నెలల పని దినాలలోకి వచ్చినది. సిమెంటులో ఎర్రని ఇనుప ఆక్సైడు పొడి కలిపి తాపీతో నునుపు చేసిన ఎర్ర గచ్చు మధ్యతరగతి ఇండ్లకు అందినది. తొక్కినకొద్దీ, తుడిచినకొద్దీ మెరుగెక్కినది. 1922లో బొంబాయిలో సిధ్వా కుటుంబంవారు భారత్ టైల్స్ స్థాపించి, విదేశీ పలకలకు బదులు సిమెంటు పలకలను ఇక్కడనే అచ్చుపోశారు. ఇరవయ్యవ శతాబ్దం నడిమి పట్టణపు ఇంటిలో ఒక కొత్త క్రమం ఏర్పడినది. ముందు హాలులో పూల పలకలు, పడకగదులలో ఎర్ర గచ్చు, వంటింట కడప బండ, పెరట చప్టా. ఈసారి వంటింటికి రాయి దక్కినది. అలకడం పోయి తుడవడం మిగిలినది. స్త్రీల దినచర్యలో ఇది చిన్న మార్పు కాదు. అయినా పూల పలకలు హాలు దాటి లోపలికి రావడం అరుదు.

1950ల నుంచి మూడు దశాబ్దాల పాటు మొజాయిక్ రాజ్యం చేసినది. వెనిస్ నగరపు పనివారు చలువరాతి తునకలను వృథా పోనీయక సున్నంలో పొదిగి సానపట్టిన పద్ధతికి ఇది సిమెంటు కాలపు వారసురాలు. గాజు పట్టీలు నిలిపి, గడులు చేసి, తునకలు కలిపిన సిమెంటు పోసి, ఆరిన తరువాత సానరాతితో నీళ్ళు పోస్తూ అరగదీసేవారు. తెల్లని గడి ప్రక్క ఆకుపచ్చ గడి వచ్చినా ఎత్తు తేడా ఉండదు. వేర్వేరు నేలలను కలిపే విద్యలో గడప చేసిన పనిని ఇక్కడ సన్నని గాజు పట్టీ చేసినది. ఆ తరువాత యంత్రపు రంపాలు వచ్చి మక్రానా చలువరాతిని, చీమకుర్తి నల్ల గ్రానైటును పలుచని పలకలుగా కోసినవి. 1990ల నుంచి గుజరాతులోని మోర్బీ వంటి చోట్ల తయారయ్యే విట్రిఫైడ్ పలకలు ఊరూరా పరచుకున్నవి. వాటి నీటి పీల్పు నూటికి అరవంతుకు మించదు. మరక అంటదు. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే పలక వేసే అలవాటు వీటితో స్థిరపడినది.

ఈ సమానత్వంలో మేలు ఉన్నది. చావడికొక నేల, వంటింటికొక నేల అనే తారతమ్యం తొలగినది. గడపలు తగ్గి, చక్రాల కుర్చీలో తిరిగేవారికి, కాళ్ళు ఈడ్చి నడిచే వృద్ధులకు దారి సుగమమైనది. కాని మర్యాదల లెక్కతోపాటు పనుల లెక్కను కూడా మనం తీసివేశాము. అద్దంవంటి పలక హాలులో శోభ, తడి స్నానాలగదిలో ప్రమాదం. నాలుగువేల అయిదువందల ఏండ్ల క్రిందటి గృహస్థు నీరు పడే చోటుకు వేరే నేల కావాలని గుర్తించాడు. మనం గుర్తించకపోతే దాని ఫలితం ఇంటిలోని పెద్దవారి తుంటి ఎముకకు తెలుస్తుంది. మరొక సంగతి. రాయి కోసి, సానపట్టే చోట లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధి కలిగిస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఆ వ్యాధి పేరు చేర్చారు. మన నేల మెరుపు వెనుక ఆ చేతులు, ఆ ఊపిరులు ఉన్నవి. మేస్త్రి ఇంటిలో పలక కోయించేటప్పుడు నీళ్ళు పోసి కోయమనడం, ముక్కుకు రక్షణ ఇవ్వడం గృహస్థుని చేతిలోని పని.

ఇల్లు కట్టేవారికి, పాత ఇల్లు మరమ్మతు చేసేవారికి ఈ చరిత్ర కొంత దారి చూపుతుంది. రకరకాల నేలలు కలపదలచినవారు ముందుగా మందాలు లెక్క చూసుకోవలె. పలక అర అంగుళం కూడా ఉండదు. బండ అంగుళం దాటవచ్చును. క్రింది కాంక్రీటును ఆ తేడా మేరకు ఎత్తుపల్లాలుగా పోయిస్తే పైన అడుగు తడబడదు. అతుకును తలుపు క్రిందకు తెచ్చి, ఇత్తడి పట్టీయో, సన్నని రాతి పట్టీయో వేయించవలె. స్నానాలగది, పెరటి వసారా కొంచెం పల్లంగా, గరుకుగా ఉండవలె. పాత బండలను, పూల పలకలను పగులగొట్టి పారవేయక, ఊడదీయించి తిరిగి పరచుకోవచ్చును. తాండూరు బండ తిరగవేసినా పనికివస్తుంది. మొజాయిక్ మళ్ళీ సానపడితే కొత్తదవుతుంది.

వీటన్నిటికంటె ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ ఇంటిలో ఎవరు ఎక్కువసేపు ఏ నేల మీద నిలబడతారు, దానిని ఎవరు తుడుస్తారు? మన పూర్వులు అతిథి పాదాన్ని దృష్టిలో పెట్టుకొని మంచి నేలను చావడిలో వేశారు. ఆ మర్యాద మంచిదే. ఇక మీదట అదే మర్యాద వంట చేసేవారి పాదానికి, రాత్రివేళ లేచి తడుముకుంటూ నడిచే ముసలివారి పాదానికి కూడా దక్కవలె. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రితో మాట్లాడే ముందు, ఇంటివారందరూ కూర్చుని ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకుంటే, ఏ గదికి ఏ నేల అనేది చాలావరకు తేలిపోతుంది.